హెచ్ అక్షరం ఇంగ్లిష్ పాటలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంగ్లిష్ పాటలు కొత్తగా వినేవాళ్ల కోసం ఈ శీర్షికలో ఒక్కోసారి ఒక్కో అక్షరం తీసుకుని పాటలు సూచిస్తున్నాం. ఈసారి 'హెచ్'. పేరులో మొదటి అక్షరం కలవడం తప్ప ఈ పాటల మధ్య చుట్టరికం ఏమీ లేదు. ఈ పద్ధతిలో లాభం కూడా అదే. గాయకుణ్ణి బట్టి వింటే ఒకే గొంతు దగ్గర ఆగిపోతాం, దశాబ్దాన్ని బట్టి వింటే చెవి ఒకే రకం వాయిద్యాలకు అలవాటు పడుతుంది. అక్షరం పట్టుకుంటే మాత్రం 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడిన 'హార్ట్‌బ్రేక్ హోటల్' పక్కనే 2015 నాటి అడెల్ 'హలో' వచ్చి నిలబడుతుంది. అరవై ఏళ్లలో రికార్డింగ్ ఎంత మారిందో ఆ రెండూ వెంటవెంటనే వింటే ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

నాకు ఇంగ్లిష్ పాటల్లో పదాలు త్వరగా అందవు. హెచ్‌లో దేనితో మొదలుపెట్టాలి? ఏ వరసలో వినాలి? (నల్లగొండ నుంచి ఒక పాఠకురాలు)

ముందు లయోనెల్ రిచీ 'హలో' (1984) వినండి. నడక నెమ్మది, ఉచ్చారణ స్పష్టం, ఒక్కో వాక్యం తరవాత ఊపిరి పీల్చుకునేంత ఖాళీ ఉంటుంది. తరవాత బీటిల్స్ 'హియర్ కమ్స్ ద సన్' (1969). మాటలు బాగా తక్కువ, అవే తిరిగి తిరిగి వస్తాయి. మూడోది సైమన్ అండ్ గార్‌ఫంకెల్ 'హోమ్‌వర్డ్ బౌండ్' (1966). రెండున్నర నిమిషాల పాట. ఊరూరా తిరిగి పాడుకునే కుర్రాడు రైల్వే స్టేషన్లో కూర్చుని ఇంటిమీద బెంగపడతాడు. ఉద్యోగానికో చదువుకో దూరదేశంలో ఉన్న పిల్లలు ఇంట్లో ఎవరికైనా ఉంటే ఇది తప్పక నచ్చుతుంది. నాలుగోది క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ 'హావ్ యూ ఎవర్ సీన్ ద రెయిన్' (1971). ఆ బృందం గాయకుడు జాన్ ఫోగర్టీ గొంతు కొంచెం గరుకు, కాబట్టి పదాలు మొదటిసారే అందకపోవచ్చు. పల్లవి మాత్రం రెండోసారికే నోటికి వచ్చేస్తుంది.

వీటి తరవాత బీటిల్స్ వాళ్లదే 'హే జూడ్' (1968). దీన్ని ఫోన్ స్పీకర్లో కాకుండా ఇయర్‌ఫోన్లో వినాలి. మొదట ఆ బృందంలోని పాల్ మెకార్ట్నీ గొంతూ పియానో తప్ప మరేమీ ఉండవు. డ్రమ్స్ దాదాపు యాభై సెకన్లకుగానీ రావు. మూడు నిమిషాలు దాటాక పాట అయిపోయిందేమో అనిపిస్తుంది, అసలు సంబరం మొదలయ్యేది అక్కడే. ఆ తరవాతి నాలుగు నిమిషాలూ అర్థంలేని అక్షరాలతో ఒకే చిన్న వరస. ఆర్కెస్ట్రా, గుంపు గొంతులు ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. మొత్తం పాట 7 నిమిషాల 11 సెకన్లు. మెకార్ట్నీ దీన్ని తన సహచరుడు జాన్ లెనన్ కొడుకు జూలియన్ కోసం మొదలుపెట్టాడు. తల్లిదండ్రులు విడిపోతున్న ఆ రోజుల్లో పిల్లాడికి ధైర్యం చెప్పాలని 'హే జూల్స్' అని రాసుకున్నాడు, తరవాత అది 'జూడ్' అయింది. ఈ సంగతి తెలిసి వింటే పాటలో ఓదార్పు ఎవరికో బోధపడుతుంది.

ఏ పాటనైనా మొదటిసారి తెరమీద సాహిత్యం చూడకుండా వినండి, రెండోసారి చూస్తూ, మూడోసారి మళ్లీ చూడకుండా. మొదటిసారే అక్షరాలు చదువుతూ వింటే ధ్యాసంతా కంటి దగ్గరే ఉండిపోతుంది, ఏ వాయిద్యం ఎప్పుడు వచ్చిందో తెలియదు.

'హూ లెట్ ద డాగ్స్ ఔట్' మీ జాబితాలో లేదు, మరచిపోయారా? (అనకాపల్లి)

అది హెచ్ పాట కాదు. 'హూ' అనే మాట స్పెల్లింగు డబ్ల్యూతో మొదలవుతుంది. మనం తెలుగులో విన్నది విన్నట్టు రాసుకుంటాం కాబట్టి ఈ పొరపాటు మనవాళ్లకు తరచూ జరుగుతుంది. క్రీడెన్స్ వాళ్లదే 'హూల్ స్టాప్ ద రెయిన్', క్వీన్ బృందం 'హూ వాంట్స్ టు లివ్ ఫరెవర్', లెడ్ జెపెలిన్ 'హోల్ లాటా లవ్' ఇవన్నీ డబ్ల్యూలోకే వెళ్తాయి. దీనికి ఎదురుగా బిల్లీ జోయెల్ 'ఆనెస్టీ' చెవికి 'ఆ'తో మొదలైనా హెచ్ పాటే. జాబితా రాసేటప్పుడు చెవిని నమ్మకండి, స్పెల్లింగు చూసుకోండి.

పేరు ముందు 'ద' ఉంటే ఆ పాట టీలో వేయాలా, తరవాతి అక్షరంలో వేయాలా? మా ఆఫీసు క్విజ్‌లో దీనిమీద పెద్ద గొడవ అయింది. (హైదరాబాద్)

గ్రంథాలయాల్లో, రికార్డు షాపుల్లో ముందున్న 'ద', 'ఎ', 'యాన్' వదిలేసి తరవాతి మాటతో వరస పెట్టడం ఆనవాయితీ. మేమూ అదే పాటిస్తాం. అందుకే యానిమల్స్ బృందం 1964లో పాడిన 'ద హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్' మా లెక్కలో హెచ్ పాట. ఇది ఎవరు రాశారో తెలియని పాత అమెరికన్ జానపద గీతం. న్యూ ఓర్లీన్స్‌లో ఒక ఇంట్లో పాడైపోయిన బతుకు గురించి. యానిమల్స్ వాళ్లు దీన్ని ఒకే టేక్‌లో, అంటే మధ్యలో ఆపకుండా ఒక్కసారే పాడి, రికార్డు చేశారు. మొదట గిటార్ తీగలు ఒక్కొక్కటిగా మీటడం వింటారు, తరవాత అలన్ ప్రైస్ ఆర్గన్ అందుకుంటుంది. హెచ్‌లో ఒక్క పాటే వినే తీరిక ఉంటే మేము దీన్నే వినమంటాం.

క్విజ్ పెట్టేవాళ్లు మూడు నియమాలు ముందే చదివి వినిపిస్తే గొడవ రాదు. ఒకటి, ముందున్న 'ద', 'ఎ', 'యాన్' లెక్కలోకి రావు. రెండు, పేరు బ్రాకెట్‌తో మొదలైతే బ్రాకెట్‌లోని మొదటి మాటే లెక్క. రోలింగ్ స్టోన్స్ పాటను అందరూ 'సాటిస్‌ఫాక్షన్' అంటారు కానీ అసలు పేరు బ్రాకెట్‌లోని 'ఐ కాంట్ గెట్ నో'తో మొదలవుతుంది కాబట్టి అది ఐ. మూడు, కొటేషన్ గుర్తులు లెక్కలోకి రావు. ఈ మూడోది డేవిడ్ బోయీ 'హీరోస్' (1977) కోసం పెట్టాలి. ఆ పేరును బోయీ కొటేషన్ గుర్తులతోనే అచ్చువేయించాడు. అందుకే కొన్ని ప్లేయర్లలో అది హెచ్ కింద కనిపించదు, గుర్తులతో మొదలయ్యేవాటితో కలిసి జాబితా మొదట్లోకి వెళ్లిపోతుంది.

ఆ పాట పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. దాన్ని పశ్చిమ బెర్లిన్‌లో, బెర్లిన్ గోడకు దగ్గర్లోని హాన్సా స్టూడియోలో రికార్డు చేశారు. నిర్మాత టోనీ విస్కాంటీ మూడు మైకులు పెట్టాడు. ఒకటి నోటి ముందు, రెండోది దాదాపు ఇరవై అడుగుల దూరంలో, మూడోది హాలు చివర. గొంతు ఒక స్థాయి దాటితేనే రెండోదీ మూడోదీ తెరుచుకునేలా అమర్చాడు. మొదట్లో బోయీ మన పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంటాడు, చివరికి వచ్చేసరికి అరుస్తాడు, ఆ అరుపుతోపాటు హాలంతా మోగుతుంది. విడిగా అమ్మిన మూడున్నర నిమిషాల కూర్పు (సింగిల్)లో మొదటి భాగం కోసేశారు, కాబట్టి గొంతు అలా పెరుగుతూ పోవడం తెలియదు. ఆరు నిమిషాలు దాటే ఆల్బమ్ కూర్పే వినండి.

'హోటల్ కాలిఫోర్నియా' ఏ కూర్పు మంచిది? గిటార్ మీద నేర్చుకోవాలని ఉంది, బారె కార్డులు (ఒకే వేలితో తీగలన్నీ అదిమి పట్టేవి) పట్టలేను. (రాజమహేంద్రవరం నుంచి ఒక విద్యార్థి)

ఇది ఈగిల్స్ బృందం పాట. ముందు 1976 ఆల్బమ్ కూర్పు వినండి. 6 నిమిషాల 30 సెకన్లు. మొదటి 52 సెకన్లు గిటార్లే, ఆ తరవాత డాన్ హెన్లీ గొంతు వస్తుంది. పాడటం ముగిసేది నాలుగు నిమిషాల ఇరవై సెకన్ల దగ్గర. అక్కణ్ణుంచి రెండు నిమిషాలకు పైగా డాన్ ఫెల్డర్, జో వాల్ష్ గిటార్లు. మొదట ఫెల్డర్, తరవాత వాల్ష్, చివర ఇద్దరూ కలిసి ఒకే వరసను వేర్వేరు స్వరస్థాయుల్లో వాయిస్తారు. ఎఫ్.ఎం. రేడియోలోనో ఫంక్షన్లోనో సరిగ్గా ఈ భాగమే కోసేస్తుంటారు. అది లేకుండా విన్నవాళ్లు ఈ పాట సగమే విన్నట్టు.

1994 నాటి అకౌస్టిక్ కచేరీ కూర్పు వేరే రుచి. నైలాన్ తీగల గిటార్‌తో మొదలై, చేతివాద్యం మోత గదంతా నిండుతుంది. స్పీకర్లు కొనేటప్పుడు షాపుల్లో వినిపించేది చాలాసార్లు ఇదే. ఆ మోత బరువుగా, అంచు తెలిసేలా వినిపిస్తే స్పీకర్ మంచిది. 'బొయ్య్' మని సాగిపోతే బేస్ ఎక్కువ పెట్టారనో, స్పీకర్‌ను గోడకు ఆనించి పెట్టారనో అర్థం.

ఇక గిటార్. పాట బి మైనర్‌లో ఉంది. మామూలుగా పడితే కార్డులు బి మైనర్, ఎఫ్ షార్ప్, ఎ, ఇ, జి, డి, ఇ మైనర్, ఎఫ్ షార్ప్. ఇందులో మూడుచోట్ల బారె వస్తుంది. ఏడో ఫ్రెట్ (గిటార్ మెడమీది గడి) మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు) పెడితే అవే కార్డులు ఇ మైనర్, బి సెవెన్, డి, ఎ, సి, జి, ఎ మైనర్, బి సెవెన్ ఆకారాలుగా మారతాయి, బారె ఒక్కటీ ఉండదు. ఒక్కో కార్డుకు నాలుగు లెక్కలు. ఎనిమిది కార్డులకు ముప్ఫై రెండు లెక్కలు అయితే ఒక చుట్టు. గొంతు రాకముందు రెండు చుట్లు వాయించాలి.

ఇక్కడ చెడేది రెండుచోట్ల. కేపోను ఫ్రెట్ మధ్యలో బిగిస్తే తీగలు వంగి శ్రుతి పైకి పోతుంది. ఫ్రెట్ లోహపు కడ్డీకి సరిగ్గా వెనక, దాన్ని తాకుతున్నంత దగ్గరగా బిగించండి. బిగించాక మళ్లీ ట్యూనర్ పెట్టి శ్రుతి చూసుకోండి, తక్కువ ధర గిటార్లకు ఇది తప్పనిసరి. రెండోది, పల్లవిలో కార్డుల వరస మారుతుంది. చరణం వరసనే పల్లవికీ వాయించేసి 'పాడటం కలవట్లేదు' అని చాలామంది బాధపడతారు. ఏడో ఫ్రెట్ ఆకారాల్లో పల్లవి సి, జి, బి సెవెన్, ఇ మైనర్. తరవాత సి, జి, ఎ మైనర్, బి సెవెన్.

క్రిస్మస్‌కి మా చర్చి యువజనులు ఇంగ్లిష్ 'హల్లెలూయ' పాడాలనుకుంటున్నారు. లెనార్డ్ కోహెన్‌ది సరిపోతుందా? (గుంటూరు జిల్లా)

ఆ పాట గొప్పది, కానీ ఆరాధనలో పాడేది కాదు. 1984లో కోహెన్ రాసిన ఆ సాహిత్యంలో దావీదు, మిద్దెమీద స్నానం చేసే స్త్రీ, జుట్టు కత్తిరించిన కథ అన్నీ బైబిల్ నుంచే వస్తాయి. కానీ అవి స్త్రీపురుషుల ప్రేమతో, దేహంతో, విడిపోవడంతో పెనవేసుకుని ఉంటాయి. పల్లవిలో మాట చూసి ఎంచుకుంటే రెండో చరణం దగ్గర పెద్దలు ఇబ్బంది పడతారు.

మీకు కావలసింది హాండెల్ 'హల్లెలూయ కోరస్'. అదీ హెచ్ పాటే. 1741లో కూర్చిన 'మెస్సయ్య' అనే ఆరటోరియో (బృందగానంతో, ఆర్కెస్ట్రాతో సాగే పెద్ద మతసంగీత రచన)లోది, 1742లో డబ్లిన్‌లో మొదటిసారి వినిపించారు. దాదాపు నాలుగు నిమిషాలు. సొప్రానో, ఆల్టో (ఆడవాళ్ల పై, కింది గొంతులు), టెనర్, బాస్ (మగవాళ్ల పై, కింది గొంతులు) నాలుగు గుంపులూ ఉండాలి. గుంపుకు నలుగురైనా లేకపోతే గొంతులు అల్లుకునే చోట ఒక వరస వినపడకుండా పోతుంది. ముందు ఒక్కో గుంపుతో విడిగా సాధన చేయించి, అది కుదిరాకే కలపండి. అందరూ తప్పేది చివర. ఆఖరి 'హల్లెలూయ'కు ముందు అంతా ఒక్కసారిగా ఆగి పూర్తిగా నిశ్శబ్దం ఉంటుంది. ఆ ఖాళీలో ఎవరో ఒకరు అలవాటు కొద్దీ ముందే అందుకుంటారు. ఆ చోట కాగితంమీద కళ్లు పెట్టకుండా నాయకుడి చెయ్యి వైపే చూడాలని ముందే గట్టిగా చెప్పండి.

కోహెన్ పాటను ఇంట్లో మాత్రం తప్పక వినండి. మొదటి చరణంలో ఒక ముచ్చట ఉంది. ఫోర్త్, ఫిఫ్త్, మైనర్, మేజర్ అని మాటల్లో చెబుతుంటే, సరిగ్గా ఆ మాట దగ్గర ఆ కార్డే మోగుతుంది. సి ని షడ్జమం అనుకుంటే మ మీద కార్డు, ప మీద కార్డు, ద మీద మైనర్ కార్డు, మళ్లీ మ. సంగీతం వచ్చినవాళ్లు హార్మోనియం దగ్గర పెట్టుకుని సరిచూసుకోవచ్చు. గొంతుల్లో మా మొగ్గు 1994లో జెఫ్ బక్లీ పాడినదానికే. ఏడు నిమిషాలకు కాస్త తక్కువ, ఒక్క ఎలక్ట్రిక్ గిటార్ తోడు. ఒక నిట్టూర్పుతో మొదలవుతుంది, ఇయర్‌ఫోన్లో అది స్పష్టంగా వినిపిస్తుంది. చరణాల ఎంపికలో బక్లీకి దారి చూపింది 1991లో జాన్ కేల్ పాడిన కూర్పు.

'హర్ట్' అని వెతికితే ఏవేవో వస్తున్నాయి. ఏది వినాలి? (కర్నూలు)

పాట పేరుతోపాటు గాయకుడి పేరు కూడా టైప్ చేయండి. హెచ్‌లో ఒకే పేరున్న పాటలు చాలా ఎక్కువ. 'హలో' అంటే రిచీ, అడెల్ ఇద్దరూ వస్తారు. 'హీరో' అంటే మరయా కేరీ (1993), ఎన్రికే ఇగ్లేసియాస్ (2001), ఇవి రెండూ సంబంధం లేని పాటలు.

'హర్ట్' సంగతి వేరు. నైన్ ఇంచ్ నెయిల్స్ బృందం 1994లో చేసిన పాటనే జానీ క్యాష్ 2002లో మళ్లీ పాడాడు. మొదటిది కుర్రవాడి కోపం, రెండోది డెబ్బై ఏళ్ల మనిషి వెనక్కి తిరిగి చూసుకోవడం. మాటలు దాదాపు అవే. క్యాష్ పాడింది ముందు వినండి. 2003 సెప్టెంబరులో ఆయన పోయాడు. ఈ పాటలో తనను తాను గాయపరచుకోవడం ప్రస్తావన ఉంది, చిన్నపిల్లల జాబితాలో పెట్టకండి. మనసు బాగాలేనివాళ్లు ఒంటరిగా వినొద్దు.

స్కూలు వార్షికోత్సవానికి ఆరో తరగతి పిల్లలతో 'హీల్ ద వరల్డ్' పాడిస్తున్నాం. చివరికి వచ్చేసరికి పిల్లలు అరుస్తున్నారు. (ఖమ్మం నుంచి ఒక టీచర్)

తప్పు పిల్లలది కాదు. మైకెల్ జాక్సన్ 1991 నాటి ఆ పాటలో చివరి భాగంలో శ్రుతి పైకి జరుగుతుంది. మొదట్లో హాయిగా ఉన్న స్వరం అక్కడ అందదు, అందుకే అరుపు. రెండు దారులున్నాయి. కరోకె యాప్‌లో మొత్తం పాటను రెండు మూడు సెమిటోన్లు (స్వరస్థానాలు) దించండి. అప్పుడు మొదటి చరణం మరీ కిందికి పోతోందనిపిస్తే, శ్రుతి మారకముందే పల్లవి రెండుసార్లు పాడించి ముగించేయండి. మేము రెండోదే మంచిదంటాం. ఆల్బమ్ కూర్పు ఆరు నిమిషాలు దాటుతుంది, మొదట్లో పిల్ల మాటలూ ఆర్కెస్ట్రా ఉంటాయి. వేదికమీద అంతసేపు నిలబడితే ఆరో తరగతి పిల్లలు కదిలిపోతారు. మూడున్నర నిమిషాలకు కోయండి.

కారు పెన్‌డ్రైవ్‌లో పాటలు అక్షరక్రమంలో రావడం లేదు. (విజయవాడ)

చాలా కారు స్టీరియోలు ఫైల్ పేరును గానీ, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన వరసను గానీ చూస్తాయి. పాట సమాచారంలో మీరు ఏం రాసినా పట్టించుకోవు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేయండి, ముందు అందులో ఉన్నవి కంప్యూటర్లో దాచుకోండి. అక్షరానికి ఒక ఫోల్డర్ పెట్టి, ఫైల్ పేర్లు 01, 02 అంకెలతో మొదలుపెట్టండి. 1, 2 అని రాస్తే 10 వచ్చి 2కి ముందు కూర్చుంటుంది. తరవాత ఒక్కో ఫోల్డర్‌నీ వరసగా ఎక్కించండి. పేర్లు తెలుగు లిపిలో రాస్తే కొన్ని స్టీరియోల్లో గళ్లు మాత్రమే కనిపిస్తాయి. విండోస్ కంప్యూటర్లో వినేవాళ్లయితే ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, పాటను ఎంచుకుని ఆల్ట్, టి కలిపి నొక్కండి. 'టైటిల్‌సార్ట్' అనే ఫీల్డు చేర్చి అందులో 'ద' లేకుండా పేరు రాయండి. దాన్ని చదివే ప్లేయర్లలో తెరమీద అసలు పేరే కనిపిస్తుంది, వరస మాత్రం హెచ్‌లో ఉంటుంది.

ఇంగ్లిష్ అంత్యాక్షరిలో ఎప్పుడూ 'ఇ' వచ్చి ఆగిపోతున్నాం. (డాలస్ నుంచి)

ఇంగ్లిష్ మాటలు చాలా పలకని 'ఇ'తో ముగుస్తాయి, అందుకే. ఈ నాలుగూ దగ్గర పెట్టుకోండి: 'ఎలినార్ రిగ్బీ', 'ఎవ్రీ బ్రెత్ యూ టేక్', 'ఐ ఆఫ్ ద టైగర్', 'ఎటర్నల్ ఫ్లేమ్'. మూడోది స్పెల్లింగులో ఇ. లేదా పలికే చివరి హల్లుతో అందుకోవాలని నియమం పెట్టుకోండి, ఆట సాఫీగా సాగుతుంది.

మృదంగం నేర్చుకుంటున్నాను. 'హియర్ కమ్స్ ద సన్' మధ్యలో తాళం తప్పుతున్నాను. ఎందుకు? (తిరుపతి)

మీరు తప్పట్లేదు, పాటే మారుతోంది. చరణాలు నాలుగు లెక్కల్లో నడుస్తాయి, ఆది తాళం వేసుకున్నా ఇబ్బంది లేదు. ఒకటిన్నర నిమిషం దాటాక 'సన్' అనే మాటను వరసగా పలికే భాగం వస్తుంది. అక్కడ నడక 11, 8, 7 చిన్న మాత్రలుగా విడిపోతుంది, మొత్తం 26 మాత్రలకు ఒక చుట్టు. మధ్యలో మూడేసి మాత్రల దెబ్బలు వరసగా పడతాయి కాబట్టి చతురశ్రంలో (నాలుగేసి మాత్రల నడకలో) ఉన్న చెయ్యి నిలవదు. ఈ పాట రాసిన జార్జ్ హారిసన్ 1966లో పండిట్ రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్నాడు, ఆ చదువు ఈ లెక్కలో కనిపిస్తుంది.

సాధన ఇలా చేయండి. ప్లేయర్లో వేగం 75 శాతానికి దించి ఆ భాగం ఒక్కటే మళ్లీ మళ్లీ పెట్టుకోండి. తాళం వేయకుండా చిన్న మాత్రలు వేళ్లమీద 26 వరకు లెక్కపెట్టండి. చుట్టు మొదట్లోకి వచ్చినప్పుడు మాటా కార్డూ కలిసి పడతాయి, లెక్క సరిపోయిందో లేదో అక్కడ తేలిపోతుంది. అది కుదిరాక 11, 8, 7 మొదటి మాత్రల మీద మాత్రమే దెబ్బ వేయండి. ఆ తరవాతే వేగం పెంచండి. ఈ భాగం అయ్యాక చరణంలోకి తిరిగి వచ్చేచోట గిటార్ మళ్లీ నాలుగు లెక్కల్లోకి దిగుతుంది, చాలామంది అక్కడ ఒక మాత్ర ముందే అందుకుంటారు.